బ్లడ్ గ్రూపులో ఖాందాన్ దొరకదు

విజయవాడ వన్‌టౌన్‌లో కుదిరిన ఒక సంబంధం ఈ మధ్య నిశ్చితార్థానికి నాలుగు రోజుల ముందు చెడిపోయింది. ఇరువైపులవారూ చదువుకున్నవారే. అబ్బాయి ఇంజనీరు, నూర్‌బాషా కుటుంబం. అతని తాతగారు గుడివాడ ప్రాంతంలో దూది ఏకి, పరుపులు కుట్టి పిల్లలను చదివించినవారు. అమ్మాయి వారు ఇంటిపేరు షేక్ అని రాసుకున్నప్పటికీ తాము అసలు సయ్యదులమని చెప్పుకుంటారు. కట్నం దగ్గర పేచీ రాలేదు, ఉద్యోగం దగ్గరా రాలేదు. అమ్మాయి పెదనాన్నగారు ఫోనులో ఎక్కడి నుంచో వచ్చిన ఒక వీడియో తెచ్చి చూపించారు. ఏ గ్రూపు రక్తం ఏ దేశానిదో అందులో పటం వేసి మరీ చెప్పారట. ‘మా అమ్మాయిది ఏ పాజిటివ్, అది అరబ్బుల రక్తం. వాళ్ల అబ్బాయిది బి పాజిటివ్, అది ఇక్కడి రక్తం. రెండూ కలవవు’ అని ఆయన తీర్పు చెప్పారు. సంబంధం అక్కడితో ఆగింది.

మధ్యవర్తులుగా పిలిచినందుకు మేము వెళ్లాము. చెప్పవలసింది చెప్పబోయాము. పెద్దవాళ్ల గొంతు పెరిగితే పిల్లల గొంతు వినిపించదు, మధ్యవర్తుల గొంతు అసలే వినిపించదు. ఆ హాలులో పూర్తి చేయలేకపోయిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాము. ఇది ఒక్క కుటుంబపు వ్యవహారమైతే రాసేవారం కాము. పెళ్లిచూపుల బయోడేటాలో బ్లడ్ గ్రూపు గడి పక్కనే ఖాందాన్ గడి ఉంటున్నది. ఈ రెండు గడుల మధ్య ఒక అబద్ధపు వంతెన కడుతున్నారు. ఆ వంతెన మీద రేపు ఎవరు నడిచి మన ఇంటి మీదికి వస్తారో ఆలోచించడం లేదు.

బ్లడ్ గ్రూపు అంటే ఏమిటి? వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే వైద్యుడు 1901లో తేల్చి చెప్పింది ఇది: ఒకరి రక్తం మరొకరి రక్తంతో కలిసినప్పుడు కొన్నిసార్లు గడ్డకట్టినట్టు ముద్దలవుతుంది, కొన్నిసార్లు కాదు. కారణం ఎర్రకణాల పైపొర మీద ఉండే పదార్థంలో తేడా. ఒక రకం ఉంటే ‘ఏ’, రెండవ రకం ఉంటే ‘బి’, రెండూ ఉంటే ‘ఏబి’, రెండూ లేకపోతే ‘ఓ’. ఎవరి రక్తం ఎవరికి ఎక్కించవచ్చో తెలుసుకోవడానికి పనికివచ్చిన ఈ జ్ఞానం కోట్ల ప్రాణాలను నిలిపింది. దాని పని అది.

ఇక వంశం మాట. గ్రూపును నిర్ణయించే జన్యువు ప్రతి మనిషిలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒక ప్రతి తండ్రి నుంచి వస్తుంది, ఒకటి తల్లి నుంచి. తండ్రి ‘ఏ’ గ్రూపు వాడై, లోపల రెండవ ప్రతి ‘ఓ’ది అయి, తల్లి ‘బి’ గ్రూపుదై, ఆమెలోనూ రెండవ ప్రతి ‘ఓ’ది అయితే, వారికి పుట్టే నలుగురు పిల్లలకు నాలుగు గ్రూపులూ రావచ్చు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తినే నలుగురిలో అరబ్బు ఎవరు, తురుష్కుడు ఎవరు, కృష్ణాజిల్లావాడు ఎవరు? ఆ పెదనాన్నగారి సొంత తమ్ముళ్ల గ్రూపులు అడిగితే ఈ వాదం ఆయన ఇంట్లోనే కూలిపోయేది.

మరొక లెక్క చూడండి. పది తరాల వెనక్కి వెళితే ప్రతి మనిషికి తల్లి వైపు, తండ్రి వైపు కలిపి 1,024 స్థానాలలో పూర్వీకులు ఉంటారు. వారిలో ఒక్కరు బస్రా నుంచి ఓడెక్కి మచిలీపట్నంలో దిగారనుకుందాం. నేడు పుట్టిన బిడ్డలోని రెండు ప్రతులలో ఏదో ఒకటి ఆ ఒక్క పెద్దమనిషి నుంచే వచ్చి ఉండే అవకాశం 512లో ఒక వంతు. అంటే ఆయన నిజంగా వచ్చినా, మన షజరా అక్షరం పొల్లుపోకుండా నిజమైనా, మన బ్లడ్ గ్రూపు ఆయన సంగతి చెప్పదు. చెప్పినా మనం గుర్తుపట్టలేము, ఎందుకంటే ఆయన తెచ్చిన గ్రూపు ఆయన రాకముందు నుంచే ఇక్కడ ఉన్నది. సౌదీ అరేబియాలో అన్నిటికంటే ఎక్కువ మందికి ఉన్నది ‘ఏ’ కాదు, ‘ఓ’. మన దేశంలో ‘ఓ’, ‘బి’ ఎక్కువ. అయినా ‘ఏ’ గ్రూపు వారు అన్ని కులాల్లో, అన్ని మతాల్లో కోట్ల కొద్దీ ఉన్నారు. ‘ఏ’ గ్రూపు చింపాంజీలలో ఉన్నది, ‘బి’ గొరిల్లాలలో ఉన్నది. వాటి ఖాందాన్ ఏదో ఆ వీడియో చేసినవారే చెప్పాలి.

న్యాయంగా మాట్లాడాలి కనుక రక్తపరీక్ష చెప్పగలిగినది కూడా చెబుతాము. ఫలానావాడు ఈ బిడ్డకు తండ్రి కాడని గ్రూపులను బట్టి చాలా సందర్భాలలో తేల్చవచ్చు; ఫలానావాడే తండ్రి అని మాత్రం తేల్చలేము. వేలమందిని పరీక్షించి సగటులు తీస్తే ఒక ప్రాంతానికీ మరొక ప్రాంతానికీ తేడాలు కనబడతాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో అత్యధికుల ఎర్రకణాల మీద ‘డఫీ’ అనే పదార్థం ఉండదు. వైవాక్స్ మలేరియా వారిని సాధారణంగా పట్టకపోవడానికి అదే కారణమని 1970లలో తేలింది. ఇటువంటి అరుదైన గుర్తులు గుంపుల రాకపోకల మీద కొంత వెలుగు వేస్తాయి. కానీ గుంపు సగటును పట్టుకుని ఒక మనిషి పుట్టుకను చెప్పడం, కృష్ణాజిల్లా సగటు వర్షపాతం చూసి నిన్న మన వాకిట్లో వాన పడిందని చెప్పడం వంటిది.

ఈ పొరపాటు ఫోనులతో పుట్టినది కాదు. దానికి నూరేళ్ల చరిత్ర ఉన్నది. అందులో మన ప్రస్తావన కూడా ఉన్నది కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గ్రీసు దేశపు సాలోనికా రేవులో అనేక దేశాల సైనికులు చేరారు. బ్రిటిష్ సైన్యంలోని భారతీయ సిపాయిలు కూడా వారిలో ఉన్నారు. అక్కడ పనిచేసిన లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్య దంపతులు సుమారు ఎనిమిది వేలమంది రక్తాన్ని పరీక్షించి 1919లో ఫలితాలు ప్రకటించారు. పడమటి నుంచి తూర్పుకు వచ్చేకొద్దీ ‘ఏ’ తగ్గుతున్నది, ‘బి’ పెరుగుతున్నది, భారతీయులలో ‘బి’ అన్నిటికంటే ఎక్కువ. ఇంతవరకు లెక్క. తరువాత వారు ఊహలోకి దిగారు. పూర్వం ‘ఏ’ జాతి ఒకటి, ‘బి’ జాతి ఒకటి ఉండేవని, ‘బి’ బహుశా హిందూదేశంలో పుట్టి ఉంటుందని అనుకున్నారు. ‘ఏ’ను ‘బి’తో భాగించి ఒక సూచిక తయారుచేశారు. ఆ సూచిక ప్రకారం అరబ్బులు, తురుష్కులు, యూదులు, రష్యనులు ఒకే వర్గంలో పడ్డారు! భారతీయులు, సెనెగల్ సైనికులు, వియత్నాంవారు మరొక వర్గంలో పడ్డారు. అరబ్బునూ రష్యనునూ వేరుచేయలేని కొలబద్ద వన్‌టౌన్‌లో షేక్‌నూ నూర్‌బాషానూ వేరుచేస్తుందని మనం నమ్ముతున్నాము.

ఆ ఊహను జర్మనీలో కొందరు గట్టిగా పట్టుకున్నారు. 1926లో రక్తవర్గాల పరిశోధనకు ఒక సంఘమే పెట్టారు. నిజమైన జర్మను రక్తం ఏదో, యూదుల రక్తం ఏదో వేరుచేయాలని కొందరు ఆశపడ్డారు. ఎన్ని సీసాలు నింపినా వేరు కాలేదు. ఎందుకంటే అక్కడి యూదులలోనూ, వారి పొరుగువారిలోనూ ఉన్నవి అవే నాలుగు గ్రూపులు. 1935లో నాజీలు నూరెంబర్గ్ చట్టాలు చేశారు. వాటిలో ఒకదాని పేరులోనే ‘జర్మను రక్త సంరక్షణ’ అని ఉన్నది. మరి ఎవరు యూదుడో ఎలా తేల్చారు? సూదితో కాదు. అవ్వాతాతలు ఏ మతసమాజంలో సభ్యులో చూసి తేల్చారు. చర్చీల బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగేశారు, సర్టిఫికెట్లు తెమ్మన్నారు. రక్తం పేరుతో చేసిన చట్టం చివరికి గుమాస్తాల బల్లల మీద కాగితాలతో నడిచింది. ఆ కాగితాలు లక్షలమందిని మృత్యుశిబిరాలకు చేర్చాయి. రక్తపు లెక్కను మొదలుపెట్టిన హిర్ష్‌ఫెల్డ్ స్వయంగా యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఆయననూ వార్సా ఘెట్టోలో బంధించారు. ఆయన అక్కడి నుంచి తప్పించుకుని బతికారు.

అమెరికాలోనూ ఇదే పిచ్చి మరొక రూపంలో సాగింది. రెండవ ప్రపంచయుద్ధ సమయంలో అక్కడి రెడ్‌క్రాస్ నల్లజాతివారి రక్తాన్ని మొదట వద్దన్నది. 1942 నుంచి తీసుకుని, తెల్లవారి రక్తంతో కలవకుండా విడిగా ఉంచింది. వైద్యపరంగా దానికి ఏ ఆధారమూ లేదని తెలిసి కూడా 1950 వరకు అలాగే చేసింది.

ఇప్పుడు మన డెల్టాకు వద్దాం. ఇక్కడి ముస్లింలలో బయటినుంచి వచ్చినవారే లేరని మేము అనడం లేదు. మచిలీపట్నం కుతుబ్‌షాహీల ప్రధాన రేవు. ఇరానీ వర్తకులు అక్కడ నివసించారు. కలంకారీ బట్టలు ఇక్కడి నుంచి పర్షియాకు వెళ్లాయి. కొండపల్లి కోటలో సిపాయిలు కాపురమున్నారు. వచ్చినవారిలో కొందరు ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, వారి పిల్లలు తెలుగు నేర్చుకున్నారు. దూది ఏకినవారు, బట్టలు ఉతికినవారు, మాంసం కొట్టినవారు, అత్తరు అమ్మినవారు ఎక్కువగా ఈ మట్టిలోనే పుట్టి కలిమా చదివినవారి సంతానం. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన డీఎన్ఏ పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి: భారతీయ ముస్లింలు జన్యుపరంగా చాలావరకు తమ ఇరుగుపొరుగు వారికే దగ్గర, పశ్చిమాసియా జాడలు కొన్ని సముదాయాలలో కొద్దిగా కనిపిస్తాయి. ఆ సంస్థవారు పాల్గొన్న 2009 నాటి మరొక పరిశోధనలో మన దేశపు వివిధ కులాల, తెగలవారి జన్యువులలో ఐదు లక్షలకు పైగా గుర్తులను పోల్చి చూశారు. దాదాపు అందరూ ప్రాచీనమైన రెండు సముదాయాల మిశ్రమమేననీ, పాళ్లు మాత్రమే వేరనీ తేలింది. ఐదు లక్షల గుర్తులు పెట్టినా ‘స్వచ్ఛమైనవాడు’ దొరకలేదు. మనవారు ఒక్క గుర్తుతో దొరికించుకున్నారు.

నూర్‌బాషాలను తక్కువగా చూసే ఈ జబ్బుకు శాస్త్రం పేరు పెట్టుకోవడం ఇది మొదటిసారీ కాదు. బ్రిటిష్ కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలవారి తలలూ ముక్కులూ కొలపట్టెలతో కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో దూదేకులకూ ఒక పద్దు ఉన్నది. నాడు ముక్కు పొడవు, నేడు బ్లడ్ గ్రూపు, రేపు ఉమ్మి పంపితే వంశం చెప్పే కంపెనీ కిట్టు. కొలిచే వస్తువు మారుతున్నది గాని కొలిచే బుద్ధి మారడం లేదు.

సచార్ కమిటీ 2006 నివేదికలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మెట్లు మన సమాజంలో ఉన్నాయని రాసినప్పుడు మనలో చాలామందికి కోపం వచ్చింది. ఇస్లాంలో కులం లేదని సభలలో చెప్పాము. నిజమే, ఇస్లాంలో లేదు. మన పెళ్లి బయోడేటాలో ఉన్నది. జాతులను, తెగలను దేవుడు ఒకరినొకరు గుర్తించుకోవడానికే చేశాడని దివ్యఖురాన్ చెప్పింది. అరబ్బుకు అరబ్బేతరుడి మీద ఏ ఆధిక్యమూ లేదని దైవప్రవక్త (స) చివరి హజ్ సందర్భంలో ప్రకటించారు. ఆయన చుట్టూ హబషీ బిలాల్ (రజి), ఇరానీ సల్మాన్ (రజి), రోమును ఇంటిపేరుగా మోసిన సుహైబ్ (రజి) కూర్చున్నారు. వారి రక్తం ఎక్కడిదని అక్కడ ఎవరూ అడగలేదు. మనం అడుగుతున్నాము, అదీ దూదేకుల వారిని.

ఇంతవరకు ఇంటి సంగతి. బయటి సంగతి ఇంతకంటే ప్రమాదకరం. మనల్ని రెండు నోళ్లతో తిట్టేవారున్నారు. ఒక నోరు ‘మీరు బాబరు సంతానం, విదేశీయులు’ అంటుంది. రెండవ నోరు ‘మీ తాతలు మావాళ్లే, మీ రక్తం మా రక్తమే, కనుక తిరిగి రండి’ అంటుంది. మొదటి మాటకు ‘మాది అరబ్బు రక్తం’ అని గర్వంగా తల ఊపినవాడు తన పౌరసత్వం మీద తానే అనుమానం రాసి సంతకం పెడుతున్నాడు. రెండవ మాటకు ‘కాదు, మేము వేరే రక్తం’ అని ఎదురు తిరిగినవాడూ అదే పనిచేస్తున్నాడు. రెండు నోళ్లకూ జవాబు ఒక్కటే: మా తాత ఎక్కడివాడైనా కావచ్చు, మా హక్కు మా తాత నుంచి రాలేదు. రాజ్యాంగం 16వ అధికరణం రెండవ క్లాజు ప్రభుత్వోద్యోగాల విషయంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం, నివాసంతో పాటు ‘వంశం’ ఆధారంగా కూడా వివక్ష చూపరాదని చెబుతున్నది. ఆ ఒక్క పదం కోసం మనం రాజ్యాంగ నిర్మాతలకు ఋణపడి ఉన్నాము. పౌరసత్వం కోసం ఎక్కడి కాగితాలు అడుగుతారోనని 2019 చివరలో ఈ నగరంలో తల్లులు కూడా రోడ్డెక్కారు. అవ్వాతాతల కాగితాలు ఎందుకు అడగకూడదో ఆనాడు మైకులో చెప్పినవారే నేడు సంబంధాల దగ్గర అవ్వాతాతల పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నారు.

రిజర్వేషన్ సంగతి చూడండి. 2004లో, 2005లో ముస్లింలకు ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. తరువాత పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో బీసీ-ఈ వర్గం ఏర్పడింది, 4 శాతంతో. అందులో ధోబీ ముస్లింలు, హజామ్‌లు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, సిద్దీలు, షేక్‌లు మొదలైనవారు చేరారు. సయ్యదులను, మొఘలులను, పఠాన్‌లను, ఇరానీలను, అరబ్బులను పేరు పెట్టి మినహాయించారు. నూర్‌బాషా, దూదేకుల, పింజారీ, లద్దాఫ్‌లు అంతకుముందు నుంచే బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేయగా, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలో బీసీ-ఈ కొనసాగుతూ వచ్చింది. ఒక్క విషయం గమనించండి. ఈ జాబితాలలో ఎవరి రక్తమూ లేదు. చేసిన వృత్తి, పడిన చిన్నచూపు, దక్కని చదువు, ఇవే ఉన్నాయి. కోర్టులలో మన తరఫు వాదం నిలిచినా పడినా ఈ ఆధారాల మీదనే.

మేము ఉద్యోగంలో ఉండగా కుల ధ్రువీకరణ దరఖాస్తులు మా బల్ల మీదుగా వెళ్లేవి. కూతురి పెళ్లి పత్రికలో సయ్యద్ అని అచ్చు వేయించిన పెద్దమనిషి, కొడుకు ఇంజనీరింగు సీటు కోసం షేక్ అని అఫిడవిట్ తెచ్చేవాడు. నవ్వుకునేవారం, కానీ అది నవ్వులాట కాదు. పెళ్లిపందిట్లో అష్రాఫ్, మండల ఆఫీసులో బీసీ-ఈ అనే ఈ రెండు నాలుకల వైఖరిని పట్టుకుని రేపు ఎవరైనా న్యాయస్థానంలో ‘వీరే తాము పైవారమని చెప్పుకుంటున్నారు’ అని వాదిస్తే నష్టపోయేది ఆ పెద్దమనిషి కాదు. నిజంగా బట్టలు ఉతికి, క్షురకర్మ చేసి బతికినవారి పిల్లలు నష్టపోతారు.

పెళ్లికి ముందు రక్తం చూడవద్దని మేము చెప్పడం లేదు. చూడవలసినవి వేరే ఉన్నాయి. అమ్మాయిది నెగెటివ్, అబ్బాయిది పాజిటివ్ అయితే కాన్పుల విషయంలో డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పు అయిన 72 గంటల లోపూ యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తే బిడ్డలకు ప్రమాదం తప్పుతుంది. అది సంబంధం వదులుకోవలసిన కారణం కాదు. అసలు అడగవలసినది తలసీమియా పరీక్ష. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అటువంటి బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. రక్తసంబంధాలలోనే పిల్లనిచ్చి తెచ్చుకునే కుటుంబాలు డెల్టాలో అన్ని మతాల్లోనూ ఉన్నాయి. ఖాందాన్ చెడకూడదని మనవారు మరింత దగ్గర చుట్టరికాలే వెతుకుతారు. ఆ బిడ్డ కోసం దాత కావలసి వచ్చిన రోజున ఆసుపత్రి వరండాలో ఎవరూ ‘సయ్యదు రక్తమే కావాలి’ అనగా మేము వినలేదు. అక్కడ అడిగేది గ్రూపు ఒక్కటే. ఇచ్చినవాడు నూర్‌బాషా కావచ్చు, మాల కావచ్చు, కమ్మ కావచ్చు.

సంబంధాలు చూసే మూడు కమిటీలకు మేము ఉత్తరాలు రాశాము. దరఖాస్తు ఫారంలో ఖాందాన్ గడిని కొట్టివేసి, ఆ స్థానంలో తలసీమియా పరీక్ష జరిగిందా లేదా అనే గడి పెట్టమని కోరాము. ఒక కమిటీ సరేనన్నది. ఒకటి రెండు గడులూ ఉంచుతామన్నది. మూడవది ఇంకా జవాబు రాయలేదు. ఆ కమిటీ అధ్యక్షులు ఆ రోజు హాలులో పెదనాన్నగారి పక్క కుర్చీలో కూర్చున్నవారే.